తవిటమ్మ పెట్టిన తమలపాకు

తవిటమ్మ ఎవరినీ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నె వైపు కాదు, వాడి మొహం వైపు చూస్తుంది. బస్సులో ఎవరైనా లేచి చోటిస్తే, ఎందుకిచ్చారా అని దిగేదాకా ఆలోచిస్తుంది. శ్రీకాకుళం నుంచి కలకత్తా ఓడరేవుకు, గార్డెన్ రీచ్ డాకు పనికి వచ్చిన ఇంట్లో పుట్టింది. డాకు కూలీ కూర్మయ్యను చేసుకుంది. ఆయన పోయాక కూతురు నూకరత్నాన్ని ఒంటిచేత్తో పెంచుకొచ్చింది. తన అనుమానమే తమ ఇద్దరినీ కాపాడుతోందని ఆమె గట్టి నమ్మకం. నమ్మిందల్లా అదొక్కటే.

అలాంటి మనిషిని కౌన్సెలింగ్ శిక్షణకు పంపించారు. పిల్లలకు పోలియో చుక్కలు వేస్తూ ఇల్లిల్లూ తిరిగే తవిటమ్మను ఒక మహిళా సంఘం వాళ్ళు చూశారు. డాకు కూలీల ఇళ్ళ వరసలైన తెలుగు లైన్లలో ఆడవాళ్ళ గోడు వినడానికి వాళ్ళ భాష తెలిసిన మనిషి కావాలనుకున్నారు. ఆమెతో పాటు పక్కింటి అప్పలకొండమ్మనూ ఎంచారు. శని, ఆదివారాల్లో ఇద్దరూ బస్సెక్కి గరియాహాట్ దగ్గర ఒక మేడమీద గదికి వెళ్ళేవారు.

అక్కడ పాఠం చెప్పే మాలబికా దిది బోర్డు మీద మూడు సున్నాలు గీసింది. ప్రతి మనిషిలోనూ ముగ్గురుంటారట. చిన్నప్పుడు పెద్దల నోట విన్నదాన్ని అలాగే తిరిగి అనేది పేరెంట్. అప్పటి భయాన్నీ ఉక్రోషాన్నీ ఇంకా మోస్తున్నది చైల్డ్. ఎదుట ఉన్నదేదో చూసి, తెలియనిది అడిగి తెలుసుకునేది అడల్ట్. మనలో ఎవరు మాట్లాడుతున్నారో మనకు తెలిస్తేనే ఇంకొకరి మాట వినగలం అంది దిది. ఇంతవరకూ తవిటమ్మకు బాగానే ఉంది. ఎవరి అనుభవం వాళ్ళు చెప్పి, అందులో ఆ ముగ్గురినీ వెతకాలి అనేసరికి చిక్కొచ్చిపడింది.

మా ఇంటి సంగతి వీళ్ళకెందుకు? కలకత్తాలో ఆ రోజుల్లో మొగుడూపెళ్ళాల తగువు కూడా అధికార పార్టీ ఆఫీసు బెంచీ దాకా పోయేది. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో పేటలో పార్టీ కుర్రాళ్ళకు తెలిసేది. “ఈ గదిలో మాట గడప దాటదు” అని దిది భరోసా ఇస్తుంటే తవిటమ్మ అప్పలకొండమ్మ వైపు చూసింది. ఈవిడ సాయంత్రం ఆ గడప దాటే కదా ఇంటికొస్తుంది!

అయినా నోరు విప్పింది, కూతురి దిగులు అంతగా తినేస్తోంది మరి. కాలేజీ నుంచి నేరుగా ఇంటికొచ్చే రత్నం కొన్నాళ్ళుగా దీపాలు పెట్టాక వస్తోంది. తవిటమ్మ పిల్ల సంచి వెతికింది. చున్నీ వాసన చూసింది. పాన్ దుకాణం చాటున నిలబడి బస్సు దిగేవాళ్ళను కనిపెట్టింది. ఏమీ దొరకలేదు, దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

దిది ఆ ముగ్గురికీ మూడు కుర్చీలు వేసి, ఒక్కో దాంట్లో కూర్చుని మాట్లాడమంది. పేరెంట్ కుర్చీలో కూర్చోగానే తవిటమ్మ బెంగాలీ ఎటో పోయింది. “ఏటే, ఎక్కడెక్కడ తిరిగొస్తన్నావు? మా పరువు తీసీడానికే పుట్టినావేటే?” అని అరిచింది. భాష తెలియకపోయినా గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆ మాటలు తవిటమ్మవి కావు, ఆమె తండ్రి గవరయ్యవి. చైల్డ్ కుర్చీలోకి మారేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. రత్నం వయసులో తను పొరుగింటి బెంగాలీ ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళేది. తండ్రి వెంటపడి వచ్చి, ఏమీ అడగకుండానే జుట్టు పట్టుకుని వీధి పొడుగునా లాక్కొచ్చాడు.

కళ్ళు తుడుచుకుని అడల్ట్ కుర్చీలోకి మారింది.

“ఎక్కడికి వెళ్తున్నావని మీ అమ్మాయిని అడిగారా?” అంది దిది.

“అడిగితే నిజం చెబుతుందా?”

“ఈ మాట ఏ కుర్చీది?”

తవిటమ్మ తనే లేచి వెళ్ళి తండ్రి కుర్చీలో కూర్చుంది. అందరూ నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది. ఇంటికెళ్ళగానే పిల్లను అడిగేద్దామనుకుంది.

కానీ బస్సులో అప్పలకొండమ్మ మాట్లాడలేదు. నోరు మూతపడని మనిషి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

“ఏటి కొండమ్మా, మాటాడవు?”

“ఏటీ నేదు. తలనొప్పి.”

ఇవాళే రావాలా తలనొప్పి! ఖిదిర్‌పూర్ వచ్చేసరికి తవిటమ్మకు ఇక అనుమానం కాదు, ఖాయమే. ఇది దిగీ దిగగానే కులపెద్ద గురువులుకు చెప్పేస్తుంది.

వాళ్ళ లైన్లలో ఒక కట్టుబాటుంది. ఒక ఇంటి సంగతి బయటివాళ్ళు పెద్ద చెవిన వేస్తే ఆ ఇంటికి తలవంపు, తప్పు కూడా కట్టాలి. ఇంటివాళ్ళే ముందుగా వచ్చి పెద్ద ముందు తమలపాకు పెట్టి చెప్పుకుంటే మర్యాద దక్కుతుంది. ఆకు పెట్టిన మనిషి మాత్రం పెద్ద ఏమంటే దానికి కట్టుబడాలి. తవిటమ్మ బస్సు దిగి ఆకులు కొంది. ఇంటికి కూడా వెళ్ళకుండా గురువులు అరుగెక్కింది.

“మావా, మా గుంట పొద్దుపోయి వస్తంది. ఎవులో సెప్పకముందే నానే సెప్తన్నాను.”

కబురందుకున్న రత్నం తల్లికేమైందోనని పరుగున వచ్చింది. అరుగు మీద పెద్దలు కూర్చుని ఉన్నారు. తల్లి ఓ పక్కన బాగానే నిలబడి ఉంది.

“ఎక్కడికెల్తన్నావే?” అన్నాడు గురువులు.

రత్నం చేతులు కట్టుకుని తల్లి వంక చూసింది. కోపంగా కాదు, ఈ మనిషి ఎవరా అన్నట్టు చూసింది. తర్వాత చెప్పింది. ఖిదిర్‌పూర్ క్లబ్బులో బెంగాలీ నాటకానికి రిహార్సల్ జరుగుతోంది. తనకు ముసలమ్మ వేషం ఇచ్చారు. ఆడేరోజున అమ్మను తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెడదామని చెప్పకుండా దాచింది.

“మన ఇళ్ళల్లో నాటకాలేటి? మానీయ్” అన్నాడు గురువులు. ఆకు పెట్టిన తవిటమ్మ నోరెత్తలేకపోయింది.

సంగతి తెలిసి అప్పలకొండమ్మ పరుగెత్తుకొచ్చింది. “ఓలమ్మ! నానెవులికీ సెప్పనేదు. నువ్వక్కడ ఏడిస్తే మాయమ్మ నన్ను కొట్టిన దెబ్బలు గేపకానికొచ్చినాయి. అందుకే బస్సులో మాట రానేదు” అంది. తవిటమ్మకు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక కూతురితో, “నువ్వెల్లే. మావతో నాను పడతాను” అంది. అన్నట్టే పడింది. ఆకు పెట్టి మాట తప్పిందని గురువులు ఆమె గుమ్మం తొక్కడం మానేశాడు. ఆమె లెక్కచేయలేదు. శిక్షణ పూర్తయింది, ఆడవాళ్ళ గోడు వినడానికి సంఘం వాళ్ళు లైనులో చిన్న గది తెరిచారు. అక్కడికొచ్చే ఆడవాళ్ళు, తవిటమ్మకు చెబితే మాట పొక్కదని చెప్పుకునేవారు.

రత్నం రిహార్సల్‌కు వెళ్తూనే ఉంది. వెళ్ళేముందు రోజూ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడుతుంది. “క్లబ్బుకెల్తన్నాను. నాతో నాటకమాడే సుమిత తోడొస్తది. ఎనిమిదికల్లా వస్తాను.”

“నానడగనేదు కదే” అంది తవిటమ్మ ఒకసారి.

“పరవానేదు” అని రత్నం మళ్ళీ మొదటినుంచి అప్పజెప్పింది.

ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొచ్చేది అంతా చెబుతుంది. నాటకం ఏ రోజో మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ అడగడానికి తవిటమ్మకు నోరు రాలేదు.