దబ్బనం బెజ్జంల నా పెండ్లి సంబంధం

ఇగ చెప్పబోయేదంతా నిజం. అక్షరం పొల్లు పోదు. కావాలంటే వేయిస్తంభాల గుడిల ఒక్కొక్క స్తంభాన్ని ముట్టి ప్రమాణం చేస్త. కాకపోతే పొద్దుగూకుతది, మీకు వినే ఓపిక పోతది. అందుకని నా ఎడమ మోకాలి మీది మచ్చ మీద ఒట్టేసి మొదలువెడుతున్న. మనిషి తన పెండ్లికి తన నోటితోనే ఎట్ల నిప్పు పెట్టుకుంటడో తెలుసుకోవాలంటే జర దగ్గరికి జరిగి కూసోండ్రి.

ఎనభైల మొదట్ల ముచ్చట. బీఎడ్ అయినంక, చూపు లేని పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక ట్రైనింగ్‌ల నాకు సీటొచ్చింది. హన్మకొండల మా మేనమామ లక్ష్మీపతి ఇంట్ల ఉండి చదువుకునేటోన్ని. ముందట కిరాణా దుకాణం, వెనుక ఇల్లు. మామ బీడీ తాగుతుండె, బీడీ మామను తాగుతుండె. ఆయన దగ్గు మొదలువెడితే త్రాసుల ఉన్న కందిపప్పు సుత ఊగుతుండె.

మా ట్రైనింగ్‌కు పెద్దదిక్కు ప్రభాకర్ సార్. "పుస్తకం చదివితే మార్కులొస్తయి. గని చూపు లేని పిల్లగాని కాళ్ల కింద నేల ఎట్లుంటదో మీ కాళ్లకు తెల్వకపోతే మీరేం మాస్టర్లురా?" అనేటోడు. అందుకని ఆయన ఒక ప్రాక్టికల్ పెట్టిండు. నల్లకండ్లద్దాలకు లోపటి దిక్కు నల్లకాగితం అతికించి, పక్కల సందులల్ల దూది కుక్కుతరు. చేతిల తెల్లకర్ర ఇస్తరు. కాలేజీ గేటు కాడికెల్లి చౌరస్తా దాక ఒక్కనివే పోయి, జామకాయలు కొనుక్కుని రావాలె. బస్సు కింద పడకుండ సార్ సైకిల్ మీద దూరంకెల్లి చూస్తుంటడు.

"ఇది ట్రైనింగ్ అని దారిల ఎవ్వలకూ చెప్పద్దు," అన్నడు సార్. "జనం మీతోని ఎట్ల మాట్లాడుతరో చెవులు పెట్టి వినుండ్రి. ఇగ లోపటికెల్లి చూసినట్టు తెలిసిందో, ఫెయిల్. మల్ల వచ్చే ఏడాదే."

వచ్చే ఏడాది! నాకు నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. ఎందుకంటరా? సరిగ్గ నా వంతు వచ్చిన రోజు సాయంత్రమే నన్ను చూసుకునేందుకు కేసముద్రం కెల్లి పిల్ల తండ్రి సోమయ్య సేటు వస్తాండు. మార్కెట్ల రైతుల పంట అమ్మిపెట్టే ఆడ్తి దుకాణం ఆయనది. ఫెయిలైన అల్లున్ని ఎవ్వలు చేసుకుంటరు? ఆయన నన్ను చూడలే, నేను ఆయనను చూడలే. గని పిల్లను మాత్రం పరకాలల ఒక పెండ్లిల చూసిన. పేరు సులోచన. బంతిల అందరికి రెండేసి బూరెలు వేసి నాకు ఒక్కటే వేసింది. ఇదేందని అడిగితే, "నీ మొకానికి ఒకటి సాలు," అని ముందుకు పోయింది. అగో, అక్కడనే మనసు ఇచ్చేసిన.

ఇగ ఉపాయం కావాలె. మామ దుకాణంల గోనెసంచులు కుట్టే దబ్బనం కనబడ్డది. ముందురోజే మాకిచ్చిన అద్దాలల్ల, కుడి అద్దం వెనుక కాగితానికి చిన్న బెజ్జం పొడిసిన. దబ్బనంతోని పొడిసినది ఎంత చిన్నగుంటదో మీరే అనుకోండ్రి.

పరీక్ష సురువయింది. బెజ్జంలకెల్లి లోకమంతా శెనిగ్గింజంత కనబడుతాంది. ఆ గింజల ఒక గుంట వస్తే పక్కకు తప్పుకుంటున్న, పేడ వస్తే కర్రతోని తాకి మొకం గలీజుగ పెట్టి దాటుతున్న. నా నటనకు నేనే మురిసిపోయి, అవసరం లేకున్నా ఒకసారి గోడను తడిమిన.

చౌరస్తా కాడ ఎవరో నా రెక్క పట్టుకున్నరు. బెజ్జంల చూస్తే మనిషి కనబడలే. ఎర్రగుడ్డ చుట్టిన గొడుగు పిడి, ధోతి అంచు, అంతే.

"యాడికి బిడ్డా? ఒక్కనివే తిరుగుతానవా?"

"అవు పెద్దాయనా. నాకెవ్వలున్నరు?"

చూసిండ్రా? "అవు" కాడ ఆగితే ఈ కత ఉండకపోవు. గని పక్కనే హోటల్ల మిర్చిబజ్జీలు కాలుతున్నయి. ఆ వాసనకు నా నాలుక నా చేతిలకెల్లి జారిపోయింది. పెద్దాయన పాపం, హోటల్ల కూసోబెట్టి బజ్జీలు తెప్పిచ్చిండు.

"పుట్టుకతోనేనా బిడ్డా?"

"పుట్టుకతోనే." ఒక బజ్జీ.

"మందులేమన్న వాడినవా?"

"హైదరాబాద్ దవాఖానల డాక్టరు నన్ను చూసి ఆయనే ఏడ్చిండు." ఇంకో బజ్జీ.

అబద్ధానికొక బజ్జీ లెక్కన పోతుంటే ప్లేటు ఖాళీ అయింది. ప్లేటు ఖాళీ అయినప్పుడు పెద్ద అబద్ధం కావాలె. పెద్ద అబద్ధానికి జరంత నిజం పునాది ఉండాలె. అందుకని, "ఇయ్యాల సాయంత్రం నాకు పెండ్లిచూపులు పెద్దాయనా. కేసముద్రం సంబంధం. నాకు కండ్లు లేవని వాల్లకు తెల్వది," అన్న.

గొడుగు టక్కున కిందపడ్డది. వంగి తీసుకుని, మెల్లగ అడిగిండు. "మరి ఎట్ల దాస్తరు బిడ్డా?"

"అదెంత పని! కాలెండర్ల ఏ దేవుడున్నడో బట్టీ పట్టిన. గడియారం టైం మామ ముందుగాల్నే చెవుల ఊదుతడు. ఒకవేళ వేళ్లు చూపిచ్చి ఎన్ని అని అడిగితే, ఎన్ని వేళ్లో మామ అన్ని దగ్గులు దగ్గుతడు."

"మామ పేరేంది?"

"కిరాణా లక్ష్మీపతి. ఆ దగ్గు తెల్వనోడు హన్మకొండల లేడు!"

ఆయన హోటలోన్ని పిలిచిండు. "ఇంకో ప్లేటు తేవయ్యా. తిను బిడ్డా, తిను," అన్నడు. నా కళకు మనిషి కరిగిండని నేను లోపట మీసం తిప్పిన.

జామకాయలు కొనుక్కుని గేటు కాడికి వస్తే, సార్ నా వీపు చరిసిండు. "శభాష్! ఒక్క గుంటల కాలు పెట్టలే. పాస్!"

సాయంత్రమయింది. ఇస్త్రీ అంగీ తొడుక్కుని కూసున్న. దర్వాజల కెల్లి ముందుగాల గొడుగు వచ్చింది. పిడికి ఎర్రగుడ్డ. దాని వెనుక సోమయ్య సేటు వచ్చిండు. నా గుండె జారి దుకాణంల ఉప్పుబస్తాల పడ్డది.

ఆయన నా ఎదురుంగ కూసుని, ఎంతో జాలితోని, "టైం ఎంతయింది బిడ్డా?" అన్నడు.

"ఐదున్నర," అన్న గడియారం చూసి.

"ఊఁ. కాలెండర్ల ఎవ్వలు?"

"లక్ష్మీదేవి... అంటే, నిజంగనే కనబడుతాంది!"

"కనబడుతది బిడ్డా, కనబడుతది." తువ్వాలతోని కండ్లు తుడుసుకున్నడు. తర్వాత రెండు వేళ్లు లేపిండు. "ఇవి ఎన్ని?"

నేను నోరు తెరిసేటాల్లకు మామ బీడీ తన పని చేసింది. ఖల్లు! ఖల్లు!

"రెండు!" అన్న.

సేటు మామ దిక్కు చూసి తల ఊపిండు. ఈసారి మూడు వేళ్లు. మామ మల్ల రెండేసార్లు దగ్గిండు. "మూడు!" అని అరిసిన గెలిసినోని లెక్క.

"అయ్యో, మీ మామ ఒకటి మరిసిండు. నువ్వే సర్దుకున్నవు. తెలివిగల్లోనివి," అన్నడు సేటు.

అబద్ధమాడితే అతికినట్టు ఉండాలె అంటరు. నాది ఎట్ల అతికిందంటే, నేను పీకినా ఊడుతలేదు. మామకు ఏమీ సమజ్ కాలే. "వీనికి కండ్లు లేకపోవుడేంది? వీధిల ఆడోల్లందరు వీని చూపుల మీదనే ఫిర్యాదు చేస్తుంటె!" అన్నడు, నాకు సాయం చేద్దామని.

మా గల్లీలనే ఉండే ప్రభాకర్ సార్‌ను సాక్ష్యానికి పిలిపిచ్చిన.

"సార్, నాకు కండ్లున్నయని చెప్పుండ్రి!"

"ఉన్నయి. అది ట్రైనింగ్ సేటూ," అన్నడు సార్. ఆడితోని ఆగిండా? "గని ఏం నడిసిండనుకున్నరు! అచ్చం చూపు లేనోని లెక్కనే!"

"నేను చూసిన సార్," అన్నడు సేటు. "మిర్చిల తొడిమె తీసి పక్కకు పెట్టుకుంట తిన్నడు. చెయ్యి ఒక్కసారి సుత తప్పలే. అంత అలవాటు ఒక్కరోజుల వస్తదా? మీరు గూడ వీల్ల దిక్కేనా?"

ఇగ ఒక్కటే దారి. బెజ్జం చూపెట్టాలె. చూపెడితే సార్ ఫెయిల్ చేస్తడు, చూపెట్టకపోతే సేటు లేసిపోతడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి, నడుమ మామ దగ్గు. బంతిల పడ్డ ఆ ఒక్క బూరె యాదికొచ్చింది. లోపటికి పోయి అద్దాలు తెచ్చి సేటు చేతిల పెట్టిన.

ఆయన పెట్టుకున్నడు. తల అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "సార్ మెడ మీద పుట్టుమచ్చ," అన్నడు. "మామ చేతిల బీడీ." తర్వాత నా దిక్కు తిరిగి, "దొంగ," అన్నడు.

అద్దాలు తీసి మెల్లగ చెప్పిండు. "పొద్దంత సోంచాయించిన బిడ్డా. చూపు లేకున్నా చదువుకున్నడు, ఒక్కడే రోడ్డు దాటుతాండు, రేపు నౌకరి చేస్తడు. బజ్జీ తినుకుంట ఎవ్వలో ముక్కుమొకం తెల్వనోనికి నిజం చెప్పిండు, మనసు మంచిది అనుకున్న. ఊ అందామనే వచ్చిన. గని కండ్లు లేనోనికి ఇస్త గని, ఉండి లేవనేటోనికి ఎట్లియ్యాలె?"

వెయ్యి అబద్ధాలాడి ఒక పెండ్లి చెయ్యాలె అన్నరు పెద్దలు. నేను రెండు ప్లేట్ల అబద్ధాలకే చెడగొట్టుకున్న.

"నేను గూడ ఫెయిల్ చేస్తున్న," అన్నడు సార్.

ఇద్దరి కాళ్లూ ఒకేసారి పట్టుకోవాలంటే నాలుగు చేతులు కావాలె. ఉన్న రెండు చేతులతోని చెరొక కాలు పట్టుకున్న. "ఇంకొక్కసారి నడుస్త. బెజ్జం లేకుండ!"

సార్ సేటు దిక్కు చూసిండు. సేటు గొడుగు అందుకుని, "ఎల్లుండి మల్ల వస్త. నా కండ్లతోని చూస్త," అన్నడు.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. ఈసారి అద్దాలు లేవు. సార్ స్వయంగ దూది పెట్టి, గుడ్డ కట్టి, గోనెసంచి మూతి బిగిచ్చినట్టు బిగిచ్చిండు. ఇగ నా నడక చెప్పద్దు. కరెంటు స్తంభానికి గుద్దుకుని, "జర జరుగన్నా," అని దండం పెట్టిన. పండుకున్న బర్రెను అరుగు అనుకుని కూసోబోయిన. చౌరస్తాకు ఇవుతల మురికినీళ్ల మోరీ ఉన్నది. అందుల నడుము దాక పడ్డ.

సేటు గొడుగు పిడి తోని కాలర్ పట్టి గుంజిండు. నవ్వి నవ్వి ఆయనకు సుత మామ దగ్గు పట్టుకున్నది. "సార్! ఇయ్యాల నిజం నడిసిండు! బెజ్జం ఉన్నోడు మోరీల పడడు! పాస్ చెయ్యుండ్రి, నేను గూడ చేస్తున్న!"

సులోచన ఇప్పటికి గూడ నాకు ఒక్క బూరెనే వేస్తది.

ఇగ, మొదట్ల ఒట్టేసిన గద. ఒక్క మాట కల్పించిన. మోరీల "పడ్డ" అన్నది. మనిషికి ముక్కు ఉన్నంత కాలం ఏ సారూ గంతలు పూర్తిగ కట్టలేడు. ముక్కు పక్కన కిందికి సన్నని సందు ఉంటది. అందులకెల్లి మోరీ కనబడ్డది, పక్కన సేటు చెప్పులు కనబడ్డయి. అందాజ చూసుకుని, మంచిగ దిగిన. అడుగున బండరాయి మాత్రం కనబడలే, ఎడమ మోకాలు పగిలింది. అందుకే మోకాలి మచ్చ అసలుది.

ఇప్పుడు మీ అందరి ముందట ప్రతిజ్ఞ చేస్తున్న. ఇగ ఈ జన్మల కండ్ల గంతల కిందికెల్లి చూడ. మిర్చిబజ్జీ ముందట అబద్ధమాడ. ఒట్టు.

ఏ మోకాలి మీద అంటరా? కుడి మోకాలి మీద. దాని మీద మచ్చ లేదు.