గ్రహణం పూట వంకాయలు

డెబ్బైల్లో నేను విజయవాడలో బీఎస్సీ చదివేదాన్ని. మా తమ్ముడు పుట్టుకతో మందబుద్ధి. కడుపుతో ఉండి గ్రహణం పూట వంకాయలు తరిగిందని నాయనమ్మ పన్నెండేళ్లుగా అమ్మను దెప్పుతూనే ఉంది. అమ్మ మళ్లీ వంకాయ ముట్టలేదు.

ఒకరోజు పాఠంలో ఫొటో అచ్చం మా తమ్ముడే! అలాంటి పిల్లల కణాల్లో నలభై ఆరుకు బదులు నలభై ఏడు క్రోమోజోములుంటాయట. కంకిపాడులో బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను.

“గ్రహణం కాదమ్మా! వాడి ఒంట్లో ఒక క్రోమోజోము ఎక్కువుంది, అంతే!”

తమ్ముడికి అన్నం కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగింది. “మరి ఆ ఎక్కువది ఎవరి నుంచి వచ్చిందే?”

చాలావరకు తల్లి నుంచేనని నా నోట్సులో ఉంది.

“నాన్న నుంచమ్మా” అన్నాను. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు.

మర్నాడు అమ్మ వంకాయ కూర వండింది. నేను ఆ కూర వేసుకోలేదు. అమ్మ బతికినన్నాళ్లూ నేను నిజం చెప్పలేదు.