ఎర్ర బిళ్ళ పట్టుకొని మలాజ్ దాకా

నేను సౌదీ దమ్మామ్‌లో పంపుల మెకానిక్‌ను. ఊరు జగిత్యాల దిక్కు, చదువు ఏడో తరగతి. రాయడం అలవాటు లేదు. పాత సోవియట్ ఎనామిల్ బిళ్ళలు పోగుచేసేవాళ్ళకు పనికొస్తుందని ఈ ప్రయాణం సంగతి రాస్తున్నాను. ఆ దేశం కొత్తలో బాగా కష్టపడ్డ కూలీలకు చొక్కా మీద పెట్టుకొమ్మని ఇచ్చిన బిళ్ళలు ఇవి. నా రేకుడబ్బాలో పద్దెనిమిది ఉన్నాయి. మొదటిది రుస్తుం ఇచ్చాడు. ఉజ్బెక్ వెల్డర్, ఆరేండ్లు మాది ఒకటే గది. ఇంటికి పోయేనాడు నా అరచేతిలో పెట్టి, మాకిద్దరికీ వచ్చిన అరకొర హిందీలో "మా తాతది, కాలువ తవ్వినందుకు ఇచ్చిన్రు" అన్నాడు.

మొన్న ఫోన్ చేశాడు. బిళ్ళతో పాటు తాతకు ఇచ్చిన చిన్న పుస్తకం ఇంట్లో దొరికిందట. అందులో నంబరు 4172. "భాయ్, వెనక అదే నంబరు ఉంటే పంపు. అమ్మకు చూపు పోతున్నది. ఒక్కసారి చేతిల పట్టుకుంటనంటది." డబ్బా తీసి బిళ్ళ తిప్పి చూశాను. వెనక ఏ నంబరూ లేదు. పంపు పనివాడికి ఇత్తడి కనబడితే చెయ్యి ఊరుకోదు. ఏండ్ల కింద దాన్ని గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి అద్దం చేశాను. నంబరు అప్పుడే పోయిందా, మొదటి నుంచీ లేదా, గుర్తు లేదు.

రియాద్‌లో మలాజ్ అనే పేటలో గోదావరి జిల్లా ఇంజనీరు ఒకాయన ఇవి చూసి అసలో నకిలో చెప్తారని విని, నంబరు జాడ ఏమైనా తేలుతుందేమోనని శుక్రవారం పొద్దున రైలెక్కాను. నాలుగు గంటల పైన పట్టింది, టికెట్ ఎనభై రియాళ్ళ లోపే. హుఫూఫ్ స్టేషన్ దాటాక అంతా ఇసుకే. జేబు మీది చెయ్యి తియ్యలేదు. స్టేషన్ నుంచి మలాజ్ దగ్గరే, టాక్సీకి పదిహేను. పాకిస్తానీ డ్రైవర్ అద్దంలో చూసి, "ఏం చాచా, జేబుల బంగారమా?" అన్నాడు.

"ఇత్తడి."

"ఇత్తడి కోసం దమ్మామ్ నుంచి వచ్చినవా!" అని దిగేదాకా నవ్వాడు. దిగేసరికి జుమ్మా నమాజు వేళ, అన్నీ బంద్. మూసిన చాయ్ దుకాణం నీడలో గంటన్నర కూర్చున్నాను.

ఇంజనీరు గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "ఈ ఎరుపు పూసిన రంగు కాదు బాబాయ్, గాజుపొడి కాల్చి నింపింది. లోపల సన్న బుడగలు చూడండి. నకిలీదైతే రంగు పైకి ఉబ్బుతుంది. ఇది పాతదే." వెనక్కి తిప్పారు. "అయ్యో, ఎవరండీ దీన్ని చెంబు తోమినట్టు తోమింది?"

"నేనే సార్."

ఆయన భూతద్దం పక్కన పెట్టారు. నేను మాత్రం వెనక చొక్కాకు బిగించే గుండ్రటి నట్టునే చూస్తున్నాను. రుద్దినప్పుడు అది తియ్యలేదు, పట్టుకుపోయి ఉండె. దాని కిందికి కాగితం పోలేదు కదా!

"ఆ నట్టు నేనైతే తిప్పను. బలవంతం చేస్తే ముందు ఎనామిల్ పగులుతుంది" అన్నారు.

"కుట్టుమిషను నూనె ఉన్నదా సార్?"

రెండు చుక్కలు వేసి, రెండు చాయ్‌లు తాగేదాకా ఆగాను. పట్టుకుపోయిన నట్టును ముందే ఇప్పొద్దు, వెంట్రుకవాసి బిగించాలి. నలభై ఏండ్లుగా చేసిందే. గుడ్డ చుట్టి బిగించాను. టిక్కుమన్నది. తర్వాత వేళ్ళతోనే వచ్చింది. కింద రూపాయంత నల్లమచ్చ. అందులో చేత్తో కొట్టిన అంకెలు: నాలుగు, ఒకటి, వంకరగా ఏడు, రెండు.

తిరుగు రైల్లో రుస్తుంకు ఫోన్ చేసి, "ఉన్నది భాయ్. కానీ వెనక నేను తోమి పాడుచేసిన" అన్నాను. అవతల అమ్మతో ఏదో చెప్పాడు. ముసలమ్మ నవ్వు వినబడింది. "అమ్మ చిన్నప్పుడు దాన్ని బూడిదతో తోమి తాత చేతుల దెబ్బలు తిన్నదట" అన్నాడు. ఆమె ముఖం నేనెన్నడూ చూడలేదు. కానీ ఆ ఇత్తడి మీద ఆమె చెయ్యి, నా చెయ్యి రెండూ తిరిగినయి. వచ్చే వారం మా క్యాంపు నుంచి ఒక ఉజ్బెక్ మనిషి సెలవు మీద పోతున్నాడు, అతని చేత పంపుతున్నాను. డబ్బాలో పదిహేడు మిగులుతాయి. మీకు ఇలాంటి బిళ్ళ దొరికితే వెనక తోమకండి, ముందు నట్టు ఇప్పి చూడండి.