డయాలసిస్ వ్యాను ఫిన్నీ

ఫిన్నీకి ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. చర్చిలో కూడా తలుపు పక్కనున్న చివరి బెంచీ మీదే కూర్చుంటాడు. ప్రార్థన కాస్త సాగిందంటే మెల్లగా బయటికి జారుకుని, వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. "నిన్ను దీవించాలంటే దేవుడు కూడా నీ ఎనకాల పరిగెట్టాల" అంటుంది భార్య మెర్సీ.

వాళ్ళది బారువకి ఆవల ఉన్న కొత్తరేవు. ఉద్దానం పల్లె. ఒక పక్క కొబ్బరి, జీడి తోటలు, ఇంకో పక్క సముద్రం. కరోనాకి ముందు కొన్నేళ్ళుగా ఆ తీరానికి పేరు రావడం మొదలైంది. ఇసుక దిబ్బల వెనక కాటేజీలు లేచాయి. సెలవు రోజుల్లో బరంపురం నుంచి, శ్రీకాకుళం నుంచి జనం వచ్చేవారు. ఫిన్నీ ఒక పాత వ్యాను కొని, సోంపేట స్టేషన్లో రైలు దిగినవాళ్ళని తీరానికి తెచ్చేవాడు. అక్కడ వాళ్ళని అసిరయ్య అందుకునేవాడు.

అసిరయ్య చిన్నప్పటినుంచీ సముద్రం మీద బతికినవాడు. కిడ్నీలు పాడయ్యాక వేటకి వెళ్ళలేక, పడవకి రంగులేయించి టూరిస్టులని అలల మీద ఒక చుట్టు తిప్పేవాడు. తిప్పుతూ సగం నిజం, సగం కోతలు కలిపి కబుర్లు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు "ఆ ముసలాయన ఉన్నాడా?" అని ముందు ఆయన్నే అడిగేవారు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషి లేని వీధి వెతకాలి. వాళ్ళు వారంలో రెండు మూడుసార్లు టౌనుకి వెళ్ళి, మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. అది తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, కాళ్ళు వాస్తాయి, ఊపిరి అందదు. అసిరయ్య బస్సులో వెళ్ళి బస్సులో వచ్చేవాడు. ఆ రోజు పడవకి సెలవు.

లాక్‌డౌన్ పెట్టిన రోజు కాటేజీలకి తాళాలు పడ్డాయి. రైళ్ళు ఆగాయి, బస్సులు ఆగాయి. ఊరి మొదట్లో వెదురు కర్రలు అడ్డం కట్టారు. ఫిన్నీ వాకిట్లో తిరిగాడు, పెరట్లో తిరిగాడు, వ్యాను అద్దాలు తుడిచాడు, తుడిచినవే మళ్ళీ తుడిచాడు. ఆ తుడవడం గోడ అవతలనుంచి చూసి లక్ష్మణమ్మ వచ్చింది. ఆమె అసిరయ్య భార్య. పక్కింటివాళ్ళు కాబట్టి ఫిన్నీ వాళ్ళని అత్తా, మావా అని వరసపెట్టి పిలుస్తాడు.

"ఏటి ఫిన్నీ, ఆ బండిని అలగ తుడుస్తానే ఉంటావేటి? మీ మావ కాళ్ళు సూసినావా? బస్సుల్నేవు. ఆటోవోడు రానన్నాడు. రేపు మిషను మీదకి ఎల్లకపోతే ఈ మనిషి నాకు దక్కడు."

"పోలీసోళ్ళు బండి లాగేస్తారత్తా."

"లాగేస్తే లాగీనీ. అందులో మీ మావ కూడా ఉంటాడు గదా. ఆలే తీసుకెల్తారు ఆస్పత్రికి."

మర్నాడు ఫిన్నీ అసిరయ్యని ఎక్కించుకుని బయల్దేరాడు. దారిలో ఆపారు. అద్దంలోంచి లాఠీ లోపలికి వచ్చింది. అసిరయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, సూదులు గుచ్చి గుచ్చి నరాలు తాళ్ళలా ఉబ్బిన చేతిని చూపించాడు. లాఠీ వెనక్కి వెళ్ళింది. డయాలసిస్ కేంద్రంలో పనిచేసే అనూరాధ ఆ సాయంత్రమే డాక్టరుగారితో చెప్పి బండికి పాసు ఇప్పించింది. ఆమెది బొబ్బిలి. ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చి ఒక్కతే ఉంటోంది. అసిరయ్యని "తాతా" అని పిలిచేది.

పాసు అద్దానికి అతికించాక చుట్టుపక్కల ఊళ్ళ రోగులు కూడా ఫిన్నీ వ్యాను కోసం కాచుక్కూర్చోవడం మొదలెట్టారు. టూరిస్టు వ్యాను డయాలసిస్ వ్యాను అయింది. మెర్సీ మొదట ఒప్పుకోలేదు.

"ఎవులెవుల్నో ఎక్కించుకోని మళ్ళీ ఈ ఇంట్లోకే వస్తావు గదా. ఇంట్లో పిల్ల గుంటల్నేటి సేద్దామని?"

"మరి నేనెల్లకపోతే ఆలేటి సేత్తారు?"

 రెండో రోజు మెర్సీ తన కుట్టుమిషను మీద దళసరి ప్లాస్టిక్ షీటు కుట్టి, డ్రైవరు సీటుకీ వెనక సీట్లకీ మధ్య తెరలా కట్టింది. ఫిన్నీ వ్యానులోనే పడుకునేవాడు. ఆమె కంచం తెచ్చి గోడ మీద పెట్టి వెళ్ళేది. పిల్లలు కిటికీలోంచి చేతులూపేవారు.

వ్యానులో ఎక్కేవాళ్ళలో అందరికంటే చిన్నవాడు గంగులు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. జబ్బు పడ్డాక చెట్టెక్కలేకపోయినా, దారిలో కనిపించే ప్రతి చెట్టుకీ ఎన్ని గెలలున్నాయో చెప్పి, నమ్మనివాళ్ళతో పందెం కాసేవాడు. వెళ్ళేటప్పుడు వ్యాను బరువుగా, మూగగా ఉండేది. వచ్చేటప్పుడు గంగులు అందర్నీ నవ్వించేవాడు.

ఆ వేసవి పోయి వానలు పడ్డాక కేసులు ఊళ్ళలోకి వచ్చాయి. ఒకరోజు పొద్దున్న ఫిన్నీ వెళ్ళేసరికి గంగులు వీధికి అడ్డంగా కర్రలు కట్టి ఉన్నాయి. లోపల ఎవరికో కరోనా తేలిందట, వీధి మొత్తం మూసేశారు. గంగులు కర్రలకి అవతల మొహం ఉబ్బి నిలబడ్డాడు. కాపలా ఉన్న మనిషి ససేమిరా అన్నాడు.

"పాసుంది సూడండి బాబూ. డయాలసిస్ మనిషి."

"పాసు నీ బండికి. ఆడికి కాదు. పైనుంచి ఆర్డరొచ్చేదాకా ఒక్కడూ బయిటికి రాడు."

ఫిన్నీ కర్ర ఎత్తబోతే నెట్టేశారు. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. వెనక వ్యానులో ఉన్నవాళ్ళకి వేళ మించిపోతోంది. ఒకామె రొప్పుతోంది. అసిరయ్య తెర వెనకనుంచి పిలిచాడు.

"ఒరే, పోదాం రా. ఈలందరూ పోతారు."

గంగులే చెయ్యూపాడు. "పో అన్నా. రేపు వద్దువుగాని."

ఫిన్నీ బండి తీశాడు. మర్నాటికి అనుమతి వచ్చింది. తెల్లవారకముందే బయల్దేరి ఆ వీధికి వెళ్ళాడు. కర్రలు తీసేసి ఉన్నాయి. గంగులు ఇంటి ముందు ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

ఆ తర్వాత ఫిన్నీలో ఉన్న కాస్త నిలకడా పోయింది. అన్నం తింటూ లేచి నిలబడేవాడు. రోగులు లోపల మిషను మీద ఉంటే అతను ఆస్పత్రి ఆవరణంతా కాళ్ళు అరిగేలా తిరిగేవాడు. "కూకోరా, కళ్ళు తిరగతన్నాయి నిన్ను సూస్తే" అని మొగుడికి తోడొచ్చిన లక్ష్మణమ్మ కసిరేది. కూర్చునేవాడు. అంతలోనే లేచేవాడు.

కొత్త సంవత్సరం వచ్చేసరికి రోగం తగ్గిందన్నారు. కాటేజీలు తెరిచారు. ఇంట్లో విసిగిపోయిన జనం ఒక్కసారిగా తీరం మీద పడ్డారు. గేటు దగ్గర నుదుటికి యంత్రం చూపించి లోపలికి పంపేవారు. లోపల ఎవరి మొహానా మాస్కు ఉండేది కాదు. అసిరయ్య పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఫిన్నీ సెలవు రోజుల్లో టూరిస్టులని ఎక్కించుకున్నాడు కానీ, వాళ్ళు పాటలు పెట్టి కేకలేస్తుంటే గంగులు కూర్చునే సీటు వైపు చూడకుండా ఉండలేకపోయేవాడు.

ఎండలు ముదిరేసరికి రెండో దెబ్బ పడింది. ఈసారి ఇంటికొకరు మంచం పట్టారు. టూరిస్టులు దిగిన కాటేజీల్లోనే రోగులని వేరుగా ఉంచారు. మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ. ఒడిశా వాళ్ళు సరిహద్దు మూసేశారు, రిపోర్టు ఉంటేనే రానిస్తున్నారు. డయాలసిస్ కేంద్రంలో మిషను నడిపేవాళ్ళందరికీ కరోనా సోకింది. అనూరాధ కూడా జ్వరంతో కొత్తరేవు కాటేజీలోనే చేరింది. కేంద్రానికి తాళం పడింది.

ఉన్న రోగులని వేరే ఊళ్ళకి సర్దారు. అసిరయ్యకి అప్పుడే దగ్గు పట్టుకుంది. ముక్కులోంచి నమూనా తీశారు, ఫలితం ఎంతకీ రాలేదు. ఫలితం రానిదే ఏ ఊళ్ళోనూ మిషను మీదకి ఎక్కించుకోం అన్నారు. ఆయన వెల్లకిలా పడుకోలేని స్థితికి వచ్చాడు. లక్ష్మణమ్మ దూది తడిపి పెదాలకి అద్దుతోంది, నీళ్ళు తాగించకూడదు.

"బరంపురం తీసుకెల్లిపోతాను" అన్నాడు ఫిన్నీ. అక్కడ తెలిసిన ఆస్పత్రి ఉంది. ఉద్దానం వాళ్ళకి పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర.

భార్యాభర్తలిద్దర్నీ ఎక్కించుకుని బయల్దేరితే, ఇచ్ఛాపురం దాటాక సరిహద్దులో ఆపారు. "రిపోర్టు అచ్ఛి?" అని అడిగాడు ఒడిశా పోలీసు. లేదన్నాడు ఫిన్నీ. వచ్చీరాని ఒడియాలో బతిమాలాడు. ఆ పోలీసు లోపలికి చూశాడు, బాధపడ్డట్టే ఉన్నాడు, కానీ తల అడ్డంగా ఊపాడు. ఫిన్నీ వ్యాను వెనక్కి తిప్పాడు. పలాస వైపు పరిగెత్తిస్తుంటే లక్ష్మణమ్మ ఫోనుకి సందేశం వచ్చింది. పాజిటివ్.

ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గేటు దగ్గరే వద్దన్నారు. ఇంకోచోట అంబులెన్సులు రోడ్డు మీద వరసగా ఉన్నాయి. ఆక్సిజన్ మంచం ఖాళీ అయితే పిలుస్తామన్నారు, పాజిటివ్ మనిషికి డయాలసిస్ మాత్రం చెయ్యలేమన్నారు. అసిరయ్య ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగి కూర్చున్నాడు. ప్రతి ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి.

"ఇంటికి తోలీరా ఫిన్నీ" అన్నాడు. "ఈ రోడ్ల మీద నాకొద్దు."

లక్ష్మణమ్మ గట్టిగా ఏడ్చింది. ఫిన్నీ వ్యాను పక్కకి ఆపి దిగాడు. జీడితోట కంచె వెంట అటు నడిచాడు, ఇటు నడిచాడు. ఆగి అనూరాధకి ఫోను చేశాడు.

"పాపా, మీ దగ్గిర మిషన్లు పాడయ్యాయా?"

"మిషన్లకేటి? బాగానే ఉన్నాయి. నడిపే మనుషులే నేరు." గొంతు నీరసంగా ఉంది. "ఏటయినాది? తాతకేనా?"

అతను చెప్పాడు.  ఫోనులో అవతలనుంచి అలల చప్పుడు వినిపిస్తోంది.

"నాకొచ్చి తగ్గిపోనాది. నన్నిక పంపించేస్తామన్నారు" అంది. "తాతకి కరోనా, నాకూ కరోనా. ఇంకెవురికి బయిం? డాక్టరుగారికి ఫోన్ చేస్తన్నాను. నువ్వు బండి తే."

డాక్టరుగారు వెంటనే ఒప్పుకోలేదు. ఆమె నిలబడగలదా అని అడిగారట. నిలబడలేకపోతే కుర్చీ వేసుకుంటానందట. చివరికి మూసేసిన కేంద్రంలో ఒక్క గది పాజిటివ్ వాళ్ళ కోసం తెరిపించి, తానూ వస్తానన్నారు.

అప్పటికే కర్ఫ్యూ మొదలైపోయింది. అనూరాధని కాటేజీ దగ్గర ఎక్కించుకుని టౌను మలుపుకి వచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా కర్రలు.  ఫిన్నీ దిగి కర్రల ముందు నిలబడ్డాడు. పాసు చూపించలేదు, బతిమాలలేదు.

"బాబూ, ఓసారిలాటి కర్రల కాడ ఒక కుర్రోడ్ని ఒగ్గేసి ఎల్లిపోనాను. ఆడు సచ్చిపోనాడు. ఈ మనిషిని ఒగ్గను. నన్ను కొట్టి, బండి నువ్వు తోలుకెల్లు."

కానిస్టేబుల్ వ్యాను దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. అసిరయ్య నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటున్నాడు. కానిస్టేబుల్ తనే కర్రలు లాగి పక్కన పడేశాడు. "బేగి పోనీ" అన్నాడు.

మిషను మొదలైంది. ఫిన్నీ బయట భవనం చుట్టూ తిరిగాడు. లక్ష్మణమ్మ మెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, ఈసారి అతన్ని కసరలేదు. పొద్దు వాలుతుండగా అనూరాధ తలుపు తీసింది. ప్లాస్టిక్ కోటు లోపల చెమటకి తడిసి ముద్దయిపోయింది. గోడకి చేరబడింది.

"పడుకున్నాడు" అంది. "ఎల్లకిలానే."

లక్ష్మణమ్మ అప్పుడు లేచి, ఎవరు వద్దంటున్నా వినకుండా వెళ్ళి కిటికీలోంచి మొగుణ్ణి చూసుకుంది.

ఆ గదిలో అనూరాధ తర్వాతి రోజుల్లో ఇంకా చాలామందిని మిషను మీద పెట్టింది. ఫిన్నీకి జ్వరం వచ్చింది. మెర్సీ ఈసారి గోడ మీద కంచం పెట్టి వెళ్ళిపోలేదు. లోపలికే తీసుకొచ్చి, కదలనివ్వకుండా మంచం మీద పడుకోబెట్టింది. అతను లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. "వ్యాను మా తమ్ముడు తోల్తన్నాడు. నువ్వు తొంగో" అనేది. అతను కిటికీలోంచి హారన్ వింటూ, "మలుపు కాడ బ్రేకు ముందే తొక్కమను" అని కేకలేసేవాడు.

అసిరయ్య ఆ తర్వాత రెండు వానాకాలాలు చూశాడు. చివరికి కిడ్నీల జబ్బుతోనే, ఇంట్లో, భార్య పక్కనుండగా పోయాడు. అనూరాధ బొబ్బిలి దగ్గరికి బదిలీ చేయించుకుంది. తాత పోయాడని తెలిసి వచ్చి లక్ష్మణమ్మ దగ్గర ఒక పూట ఉండి వెళ్ళింది.

ఇప్పుడు కొత్తరేవులో కాటేజీలు ఎక్కువయ్యాయి. టూరిస్టులు ముందుకంటే ఎక్కువమంది వస్తున్నారు, ఫిన్నీ సెలవు రోజుల్లో వాళ్ళని తిప్పుతాడు. మిగతా రోజుల్లో డయాలసిస్ వ్యానే. చీకటి ఇంకా విడవకముందే వీధి వీధికీ వెళ్ళి హారన్ కొడతాడు.

"ఇంకా కోడి కుయ్యనేదు, ఏటిరా ఈ గోల?" అని తిడతారు లోపలనుంచి. "బస్సులున్నాయి, రోడ్లు బాగున్నాయి. అంత తొందరేటి నీకు?"

"దారిలో ఏటుంటాదో ఎవుడికెరుక? బేగి రండి" అంటాడు ఫిన్నీ, ఇంజను ఆపకుండానే.