గోడవైపు తిరిగిన పేపరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదువుకున్నవి గోడలే. మనుషులెవరికీ అక్షరం ముక్క రాదు. కోలారు బంగారు గనుల్లో కూలీలకిచ్చిన లైను ఇళ్ళవి. గోడలంటే వెదురు తడికలు, వాటిమీద మెత్తిన మట్టి. గాలి లేచిందంటే, బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్లదుమ్ము సందుల్లోంచి దూరి సంగటి మీద పడేది. అందుకని ఏటా దీపావళి ముందు మైదా ఉడికించి, ఆ బంకతో పాత పేపర్లు గోడల నిండా అంటించేవాళ్ళం. ఆ పేపర్లు తెచ్చేది మా అవ్వ. ఆమె ఒక గని ఆఫీసరు బంగళాలో ఆయాగా పనిచేసేది. దొరలు చదివి పారేసిన ఇంగ్లీషు పేపర్లు మా గోడలమీద ఇంకో ఏడాది బతికేవి. నేను పడుకుని వాటిలో బొమ్మలు వెతుక్కునేదాన్ని.

అవ్వ వెంట నేనూ అప్పుడప్పుడు బంగళాకు పోయి, వంటింటి వెనక మెట్లమీద కూర్చుని బటానీలు వొలిచేదాన్ని. ఒకసారి దొరసాని నా జడ పట్టి లాగి, ఈ పిల్లను నేను బడిలో వేయిస్తాను ఆయా, అంది. అక్కడ ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. ఆమె ఒక్క మాట చెబితే బట్టలు, పుస్తకాలు బడివాళ్ళే ఇస్తారు. అవి కొనడం మావల్ల అయ్యే పని కాదు. అవ్వ ఆ మాటను కొంగున ముడివేసుకుని ఇంటికి వచ్చింది. బడి తెరిచే కాలం వచ్చినప్పుడల్లా గుర్తుచేసేది. దొరసాని ప్రతిసారీ “ష్యూర్ ఆయా, ష్యూర్” అనేది. అది లైనంతా పాకింది. కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే చాలు, “ఏమ్మే ష్యూరూ, ఇంగా బడికి పోలేదా?” అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

తర్వాత దొరలు ఒక్కొక్కరే గనులు వదిలి తమ దేశానికి పోవడం మొదలైంది. మా అవ్వ పనిచేసే బంగళాలోనూ పెట్టెలు సర్దారు. వాళ్ళు బయలుదేరే రోజు అవ్వ నా తలకు నూనె రాసి, ఎర్ర రిబ్బను కట్టి, పండగ పావడా తొడిగి వెంట తీసుకుపోయింది. ఈరోజైనా ఆ మాట చెప్పకుండా ఎలా పోతుందని అవ్వ ధైర్యం. నేనైతే బడిలో ఎవరి పక్కన కూర్చోవాలో కూడా తేల్చుకుంటూ నడిచాను.

పనివాళ్ళందరినీ వసారాలో నిలబెట్టారు. వంటాయనకు గిన్నెలు వచ్చాయి, తోటమాలికి ఉన్ని కోటు వచ్చింది. మా అవ్వ వంతు వచ్చేసరికి దొరసాని కళ్ళు తుడుచుకుంది. పలచటి కాగితంలో చుట్టి దారంతో కట్టిన ఒక పాత పేపరు అవ్వ చేతుల్లో పెట్టింది. తన కూతురు పుట్టిన రోజు వచ్చిన పేపరట. అచ్చంగా ఆనాటిదేనట. రెండు కొని ఇన్నేళ్ళూ దాచిందట, ఇప్పుడు ఒకటి కూతురికి, ఒకటి ఆ కూతుర్ని చంకనేసుకుని పెంచిన ఆయాకు. మరచిపోలేని ఏడాదికి గుర్తుగా ఇలా పేపరు ఇవ్వడం వాళ్ళలో ఉందట.

“ఆయా, దీన్ని గోడకు అంటించొద్దు. ఆ ఏడాది మనిద్దరికీ మరచిపోలేనిది,” అంది.

అవ్వ రెండు చేతులతో అందుకుని, “అవునమ్మా. యాడ మరిచిపోతాను,” అంది.

ఆ ఏడాదే మా తాతయ్య గనిలోకి దిగి తిరిగి రాలేదు. లోపల బండ పేలిందట. అది జరిగిన కొద్దిరోజులకే ఆ పాప పుట్టింది. బొట్టు చెరిపేసుకుని గని ఆఫీసు ముందు నిలబడిన మనిషిని చూసి జాలిపడి, ఆ ఆఫీసరే పాపను చూసుకోవడానికి మా అవ్వను ఇంట్లో పెట్టుకున్నాడు. దొరసానికి ఇదంతా తెలియనిది కాదు. తెలిసి మరచిపోయింది. తెలియనివాళ్ళ మీద కోపం నిలవదు. తెలిసి మరచిపోయినవాళ్ళ మీద ముసలితనం దాకా నిలుస్తుందని నా అనుభవం.

నేను అవ్వ కొంగు లాగాను. కారు వైపు నడుస్తున్న దొరసాని ఆగి, నా బుగ్గ తట్టి, గుడ్ గర్ల్ అంది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని అవ్వ నోటి వైపే చూశాను. అవ్వ నోరు తెరవలేదు. కారు పోయింది. దాని వెనక లేచిన దుమ్ము మా మీద పడింది.

దారి పొడుగునా ఏడ్చాను. ఎందుకు అడగలేదని అవ్వను పిడికిళ్ళతో కొట్టాను. దిబ్బ నీడలో ఆమె నిలబడిపోయింది. “అడిగినాను కదమ్మే. అడిగిందే అడిగితే అది అడుక్కునేది అవుతుంది. మన ఇంట్లో అడుక్కున్నోళ్ళు లేరు,” అంది.

మా లైనులో ఇంగ్లీషు వచ్చినవాడు టైమాఫీసులో పనిచేసే పక్కింటి మామ ఒక్కడే. ఆయన పనినుంచి రాగానే అవ్వ పేపరు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. “ఏం పెద్దమ్మా, దొరసాని బంగళా నీ పేరున రాసిచ్చేసిందా?” అని ఆయన నవ్వాడు. “రాసిచ్చిందేమో, చదివి చెప్పప్పా,” అంది అవ్వ.

ఆయన మొదటి పేజీలో పెద్ద అక్షరాలన్నీ చదివి చెప్పాడు. ఢిల్లీలో ఎవరో పెద్దలు ఏదో అన్నారు. మద్రాసులో గుర్రప్పందేలు జరిగాయి. బొంబాయిలో బంగారం ధర ఫలానా.

“బంగారం ఉండాదా? అయితే తవ్వినోళ్ళూ ఉంటారు. బాగా చూడప్పా,” అంది అవ్వ.

మామ ఆకు తిప్పాడు. వెనక పేజీలో, అడుగున, ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది. గనిలో బండ పేలి కొందరు కూలీలు చనిపోయారని, పనికి ఆటంకం కలగలేదని రాసి ఉంది. అంతే.

“పేర్లు లేవా?”

“లేవు పెద్దమ్మా.”

“పని ఆగలేదంటనా?”

“అట్లే ఉండాది.”

“నిజమే రాసినారు. ఆగలేదు. ఆ పొద్దు సైరను గూడా టైముకే కూసింది,” అంది అవ్వ. పెన్సిలుతో ఆ చోట ఒక గీత పెట్టించుకుని లేచింది.

దీపావళి ఇంకా చాలా దూరం. అయినా మర్నాడు పొద్దున్నే అవ్వ మైదా ఉడికించింది. నేను పడుకునే మూలలో చాప చుట్టేసి, పేపరులో ఆ ఒక్క ఆకు విడదీసి, పెద్ద అక్షరాలున్న వైపే బంక పూసింది. ఢిల్లీ పెద్దలూ గుర్రాలూ బంగారం ధరా గోడకు మొహం పెట్టుకున్నాయి. పెన్సిలు గీత మా వైపు తిరిగింది. అవ్వ నా వేలు తీసి ఆ గీతమీద పెట్టింది. “పెద్ద అచ్చరాలు ఆళ్ళవి పాపా. మనోళ్ళు యాడన్నా ఉంటే ఈడ అడుగున ఉంటారు, అదీ పేరు లేకుండా. ఇది మీ తాత,” అంది.

చదువు రాని నేను మొదట చదివింది ఆ ఒక్క వాక్యం, వేలితో. ఆ తర్వాత ఎన్ని దీపావళులు వచ్చినా దాని చుట్టూ అంటించాము గాని దాని మీద అంటించలేదు. మా నాయన తడికలు తీసి ఇటుక గోడ కట్టించినప్పుడు అది పోయింది. అప్పటికే సగం చెదలు చదివేశాయి.

నేను బడికి పోలేదు. తమ్ముళ్ళను పెంచాను, పెళ్ళయింది, పిల్లల్ని కన్నాను, గనులు మూతపడటం చూశాను. ముసలితనం వచ్చాక మా వీధి దగ్గర పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారంటే పోయి అడిగాను. ఈ వయసులో నీకెందుకవ్వా అని టీచరమ్మ నవ్వి పంపేసింది. మలుపు దాకా వచ్చి నిలబడ్డాను. అడిగిందే అడిగితే అడుక్కునేది అన్న మాట చెవిలో పడింది. మా అవ్వ పౌరుషం గొప్పదే. కానీ దాని ఖరీదు కట్టింది అవ్వ కాదు, నేను. వెనక్కు పోయి మళ్ళీ అడిగాను. ఆమె జరిగి చోటిచ్చింది. కన్నడ అక్షరాలు కుదిరాక తెలుగు అక్షరాలు చుట్టాల్లాగా వాటంతటవే వచ్చి కూర్చున్నాయి.

మొన్న బెంగళూరులో ఉద్యోగం చేసే మా మనవరాలు నా పుట్టినరోజని ఒక పటం తెచ్చింది. నేను ఏ రోజు పుట్టానో ఎవరికీ తెలియదు, ఆధార్ కార్డులో ఏదో వేశారు. అద్దం వెనక ఆ తేదీ తెలుగు పేపరు, పసుపు రంగుకు తిరిగి ఉంది. ఇలాంటివి వెతికిపెట్టే అంగళ్ళు ఇప్పుడు ఉన్నాయట. పాపం, మనసుపెట్టి తెచ్చింది. నేను మా అవ్వ పేపరు సంగతి చెబితే, “అయ్యో అవ్వా, ఒరిజినల్‌ని గోడకు అంటించేసినారా!” అని తల కొట్టుకుంది.

దీని వెనక అట్ట ఊడదియ్యమన్నాను.

“విప్పితే పాడైపోతుందవ్వా! ఇది చూసుకునేదానికి.”

“నాకు ఇచ్చినావు కదా. చదవనీ.”

అలిగింది గాని ఊడదీసింది. కళ్ళజోడు పెట్టుకుని, పెద్ద అక్షరాలు వదిలేసి, వెనక పేజీ అడుగునుంచి మొదలుపెట్టాను. ఎక్కడో బావి తవ్వుతుంటే మట్టి విరిగిపడి ఇద్దరు కూలీలు చనిపోయారు. పేర్లు లేవు. నేను పుట్టిన ఏడాది ఎవరో ఇద్దరు ఆడమనుషులు మా అవ్వలాగే బొట్టు చెరుపుకున్నారన్నమాట. మనవరాలు ఆ నాలుగు వరుసలూ నా భుజం మీదుగా చదివింది. తనే పేపరును తిరగేసి అద్దంలో పెట్టి బిగించింది.

ఇంటికి వచ్చినవాళ్ళు పటంలో పేపరు తిరగబడిందే అంటారు. సరిగ్గానే ఉందంటాను. ఆ ఏడాది నీకేమయింది ఆయా అని దొరసాని అడిగి ఉంటే మా అవ్వ చెప్పేది. నా పిల్ల బడి సంగతేమిటమ్మా అని మా అవ్వ ఇంకొక్కసారి అడిగి ఉంటే నేను చిన్నప్పుడే చదివేదాన్ని. ఆ వసారాలో ఇద్దరూ అడగలేదు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఆ అడగని మాటలే.