ముందుగా తెరిచిన బట్టీ

మా పెరట్లో రేకుల గదిలో ఉన్న కరెంటు బట్టీ బట్టలుతికే మిషన్ కంటే కొంచెం చిన్నది. హైదరాబాద్‌లో కుండల పని నేర్పే ఒకామె వాడి వదిలేసినదాన్ని లారీలో కోరుట్లకు తెప్పించుకున్నాను. మా ఆయనది అద్దాల దుకాణం. కిటికీలకు, షోకేసులకు కోయగా మిగిలిన ముక్కలు దుకాణం వెనక డబ్బాల్లో పడి ఉండేవి. వాటిని కడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎనిమిది వందల డిగ్రీల దాకా కాల్చితే కరిగి ఒకటే పలక అవుతాయి. ఆ పలకను మట్టి అచ్చు మీద పెట్టి, ఈసారి కొంచెం తక్కువ వేడిలో కాల్చితే అది మెత్తబడి అచ్చులోకి దిగుతుంది, పళ్లెం అవుతుంది. మూడు రోజుల క్లాసులో కొంత, ఫోన్‌లో వీడియోలు చూసి కొంత నేర్చుకున్నాను.

కాల్చడం కష్టం కాదు, చల్లార్చడమే కష్టం. వేడి దిగేటప్పుడు ఐదు వందల పైచిలుకు డిగ్రీల దగ్గర గంటన్నర ఆపాలి. ఆ తర్వాత కూడా నెమ్మదిగా దించాలి. బట్టీ పూర్తిగా చల్లబడేదాకా మూత ముట్టుకోకూడదు. తొందరపడితే గాజు లోపల బిగువు నిలిచిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. పళ్లెం చక్కగానే ఉంటుంది. ఎప్పుడో, దేనికో, ఉన్నట్టుండి పగులుతుంది. క్లాసులో మొదటి రోజే చెప్పిన మాట అది. నాకు తెలియదని చెప్పడానికి లేదు.

మా పక్కింట్లో ఒకామె మగ్గం వర్క్ చేసేది. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. నేను సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. కోడలిగా కోరుట్లకు వచ్చిన కొత్తలో ఈ వాడలో అంత నిశ్శబ్దం ఉంటే నిద్ర పట్టేది కాదు. ఆ రోజుల్లో నన్ను పిలిచి కూర్చోబెట్టుకుని మాట్లాడిన మొదటి మనిషి ఆపా. ఆమె భర్త మస్కట్‌లో ఉండేవాడు. ఇంట్లో ఆమె, డిగ్రీ చదివే బిడ్డ, మగ్గం కర్రలకు బిగించిన పట్టు బ్లౌజులు. పెళ్లిళ్ల కాలంలో జగిత్యాల నుంచి కూడా ఆమె పని కోసం వచ్చేవాళ్లు.

బట్టీ తెప్పించుకున్న సంవత్సరం రంజాన్ నెలలో ఒకరోజు ఆపా సన్నటి రాగి తీగ చుట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"చెల్లె, గీ తీగ నీ బట్టీల పెడితే ఉంటదా, కాలిపోతదా?"

"రాగిదైతే ఉంటది ఆపా. రంగు మారుతది అంతే."

"అయితే రెండు అద్దాల నడుమ నేనే పేరుస్త. పండుగకు గా పళ్లెంల షీర్ ఖుర్మా పెడ్త అందరికి."

ఆ మధ్యాహ్నమంతా మా వరండాలో కూర్చుని చిన్న పట్టకారుతో తీగను వంచి, అద్దం మీద ఒక మల్లెతీగ పేర్చింది. ఉపవాసంలో ఉండి కూడా తల ఎత్తకుండా పని చేసింది. చూస్తుంటే ముచ్చటేసి, అలాంటిదే ఇంకొకటి నాకూ పేర్చిపెట్టమన్నాను. నవ్వుతూ పేర్చింది.

పలకలు రెండూ బాగా వచ్చాయి. రెండో కాల్పు నెలవంక చూసే రోజు పెట్టుకున్నాను. పొద్దున్నే మొదలుపెడితే రాత్రికి చల్లబడుతుందని నా లెక్క. తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఎక్కడో లైను పని. పదకొండు దాటాక వచ్చింది. మళ్లీ మొదటి నుంచి వేడెక్కించాను. పళ్లేలు అచ్చులోకి దిగేసరికి మధ్యాహ్నం మూడు. చంద్రుడు కనిపిస్తే తెల్లవారితే పండుగ. ఆపా అప్పటికే రెండుసార్లు గోడ మీంచి అడిగింది, "అయిందా చెల్లె?" అని.

గంటన్నర ఆపే అంకెను నేను బట్టీకి వేడి, సమయం పెట్టే కంట్రోలర్‌లోంచి తీసేశాను. మూడు వందల డిగ్రీల దగ్గర మూత కింద ఇటుక ముక్క పెట్టి వేలెడు సందు ఇచ్చాను. తోలు గ్లవుజులు తొడుక్కుని ఆరున్నరకు పళ్లేలు బయటికి తీశాను. గీత కూడా పడలేదు. తీగ ముదురు ఎరుపుగా మారి, అంచుల వెంట చిన్న చిన్న బుడగలు నిలిచి, నేను అప్పటిదాకా చేసినవాటన్నిటిలోకి అవి అందంగా వచ్చాయి. ఒకదాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్లి ఆపాకు ఇచ్చాను. ఆమె దాన్ని లైటు కింద పట్టుకుని బిడ్డను పిలిచి చూపించింది.

మర్నాడు పొద్దున పండుగ నమాజు నుంచి మగవాళ్లు ఇంకా ఇళ్లకు రాకముందే ఆపా బిడ్డ పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, అమ్మీ చెయ్యి తెగింది, జల్ది రా!"

వంటింటి గచ్చు మీద పాలు, సేమియా, నెత్తురు. ఆపా పీట మీద కూర్చుని కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది. అప్పుడే కడిగిన పళ్లెంలో పొయ్యి మీది షీర్ ఖుర్మా గిన్నె వంచిందట. టప్పున రెండు ముక్కలయింది. పడిపోతున్న ముక్కను పట్టుకోబోయింది. బొటనవేలి మొదట్లో దిగింది.

కోరుట్లలో కట్టు కట్టి జగిత్యాలకు పంపారు. వేలిని వంచే నరం తెగిందని, కుట్టాలని చెప్పారు. ఆటోలో పక్కన కూర్చున్న నాతో ఆపా అన్న మాట ఇది:

"నాదే తప్పు చెల్లె. సల్లటి పళ్లెంల గట్ల మసిలేది పోస్తరా ఎవలన్న? ఎంత మంచిగ చేసిస్తివి, పండుగ పూట పలగ్గొట్టిన."

నేను ఆమె భుజం పట్టుకున్నాను. మూత కింద పెట్టిన ఇటుక ముక్క సంగతి చెప్పలేదు.

నాలుగో రోజు నా దగ్గర మిగిలిన పళ్లేన్ని తీశాను. గాజులో బిగువు ఉందో లేదో చూసే పద్ధతి ఒకటి వీడియోలో చూశాను. కంప్యూటర్ తెర మీద తెల్లకాగితంలా ఖాళీ పేజీ తెరవాలి. మా ఆయన బండి నడిపేటప్పుడు పెట్టుకునే పోలరైజ్డ్ నల్లద్దాలను కంటి ముందు తిప్పుతూ పోతే ఒక చోట తెర చీకటవుతుంది. అప్పుడు పళ్లేన్ని తెరకూ అద్దాలకూ మధ్యలో పట్టుకోవాలి. బాగా చల్లారిన గాజైతే చీకటిగానే ఉంటుంది. ముందు నెలలో ఓపికగా చల్లార్చిన పళ్లెం అలాగే ఉంది. ఇది పట్టుకోగానే అంచుల వెంట, తీగ చుట్టూ తెల్లగా వెలిగింది. మల్లెతీగ మొత్తం మెరిసింది. పళ్లేన్ని మంచం మీద పెట్టేశాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన "ఆమె నిన్ను ఒక్క మాట అన్నదా? అనలే గదా. మరి నువ్వెందుకు తవ్వుతున్నవ్?" అన్నాడు. నాకూ ఆ మాటే కావాల్సింది. దాన్ని పట్టుకుని నెలన్నర గడిపాను. రోజూ ఆపాకు అన్నం, కూర తీసుకెళ్లేదాన్ని. ఆమె తల దువ్వేదాన్ని. "నువ్వు లేకుంటే నా గతి ఏమయ్యుండు చెల్లె" అని ఆమె అన్నప్పుడల్లా గిన్నెలు తీసుకుని లేచి వచ్చేసేదాన్ని. కట్టు విప్పాక బొటనవేలు సగమే వంగింది. సూది పట్టుకుంటే జారిపోయేది. ఒప్పుకున్న బ్లౌజులను ఒక్కొక్కటే మడిచి వెనక్కి పంపింది.

ఒకరోజు నేను అక్కడుండగానే బిడ్డకు విసుగొచ్చింది. కాలేజీ నుంచి వచ్చి వంట చేయాల్సి వచ్చింది పాపం. "గంత చదువు లేదా అమ్మీ నీకు? సల్లటి అద్దం మీద వేడిది పోస్తే పలగదా? నీ పాగల్‌పన్‌కు నా పరీక్షలు పోతున్నయ్" అంది. ఆపా తల వంచుకుని, పసిపిల్ల తప్పు ఒప్పుకున్నట్టు, వంగని ఆ వేలిని రెండో చేత్తో నిమురుకుంది.

ఇక కూర్చోలేకపోయాను.

"ఆమెను అనకు బిడ్డా. తప్పు నాది" అన్నాను. కరెంటు పోవడం, అంకె తీసేయడం, ఇటుక ముక్క, నల్లద్దాలలో చూసింది, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపు ఆపా నా మొహం వైపే చూసింది.

"ఆటోల కూసున్నప్పుడు ఎర్కనేనా నీకు?"

"అనుమానముండె. తర్వాత చూసిన, ఎర్కయింది."

"ఎన్ని రోజులాయె చూసి?"

చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. మెల్లగా అంది:

"నా చేతులతోని నేనే చేసుకున్న అనుకోని మనసుకు సర్దిచెప్పుకున్న. అల్లా రాసిండు అనుకున్న. గిప్పుడు మళ్ల మొదటికెల్లి మనసుకు చెప్పుకోవాలె. పో, ఇంటికి పో."

ఇంటికొచ్చి ఏడ్చాను. నిజం చెబితే బరువు దిగుతుందనుకున్నాను. నాకు దిగిందేమో తెలియదు కానీ, ఆమె మీద కొత్తది పెట్టి వచ్చానని మాత్రం అర్థమైంది. తర్వాత నేను పంపిన గిన్నెలు మూత తీయకుండానే తిరిగి వచ్చేవి. గోడ దగ్గర కనబడితే లోపలికి వెళ్లిపోయేది. బిడ్డ మాత్రం వీధిలో ఎదురైతే తల ఊపేది. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి. బట్టీ మీద గోనెసంచి కప్పి ఉంచాను.

దసరాకు ముందు బిడ్డే వచ్చింది. తల్లి పని చూసి నేర్చుకుని తనే మగ్గం పని మొదలుపెట్టిందట. పని ఒప్పుకుంది కానీ గడువుకు అందడం లేదు. "అమ్మీ అడగమన్నది. నువ్వొచ్చి హుక్కులు కుడ్తవా అని."

వెళ్లాను. ఆపా కుర్చీలో కూర్చుని బిడ్డకు కుట్టు చెబుతోంది. నాకు ఒక మూల చూపించింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని హుక్కులు, చేతికుట్లు వేస్తున్నాను. మునుపటిలా కబుర్లు లేవు. కుట్టు వంకరపోతే మొహమాటం లేకుండా విప్పిస్తుంది. చాయ్ మాత్రం ముగ్గురికీ పెడతారు. బట్టీ మళ్లీ వెలిగిస్తున్నాను, కానీ తినే పళ్లేలు చేయడం మానేశాను. గోడకు తగిలించే బిళ్లలు చేస్తున్నాను. వాటికి కూడా పూర్తి సమయం ఇస్తాను.

మొన్నొక మధ్యాహ్నం, బిడ్డ కాలేజీకి వెళ్లినప్పుడు, ఆపా చేతిలోని గుడ్డ పక్కన పెట్టి అడిగింది.

"నిజం చెప్పు. నువ్వు పద్ధతిగ సల్లార్చినా పలుగుతుండెనా, అది? నేను పోసిన వేడికి?"

ఎన్నోసార్లు నాకు నేను వేసుకున్న ప్రశ్న. అంత మందం గాజు, కడిగిన తడి, మరిగిన పాలు. పగిలి ఉండొచ్చు. పగలకపోయి ఉండొచ్చు.

"తెల్వదు ఆపా. నిజంగనే తెల్వదు."

"నాకు గూడ తెల్వదు" అంది ఆపా. ఎడమచేత్తో తర్వాతి బ్లౌజు తీసి నా వైపు జరిపింది.