సూర్యావతత్త ముక్కూ, మావగారి బ్రాందీ

మా సూర్యావతత్తకు లోకంలో ఒకటే పని. సీసా కనబడితే మూత తీసి వాసన చూడడం, ఘాటు తగిలితే కొబ్బరిచెట్టు మొదట్లో పారబోయడం. నేను రెండో తరగతి దాటి చదవలేదు గానీ, ఆవిడ గురించి రాయడానికి అంతకంటే చదువు అక్కర్లేదు.

వాము అరకు పోయింది. అల్లుడుగారి సెంటూ పోయింది. ఓసారి కాంపౌండరు లబోదిబోమన్నాడు.

“జొరం మందండీ అది.”

“కొబ్బరిచెట్టుకి మాత్రం జొరం రాదా బాబూ?”

అవి మద్యనిషేధం రోజులు. ఆవిడ తమ్ముడైన మా మావగారు గుండెదడ అని చెప్పి, పర్మిట్టు మీద బ్రాందీ తెచ్చుకునేవారు. అక్కగారు గుమ్మంలోకి వచ్చినప్పుడు తప్ప ఆయనకు ఏ దడా ఉండేది కాదు.

నేను అప్పుడే కాపరానికి వచ్చాను. నెలసరి వస్తే పొత్తికడుపులో కొడవలి పెట్టి తిప్పినట్టుండేది. పాక వసారాలో విడిగా పడుకుని మెలికలు తిరిగేదాన్ని. మా అత్తగారు వీరాయమ్మగారు నన్ను అంటుకోకూడదు గనక, బ్రాందీ గ్లాసు నేలమీద పెట్టి కర్రతో నావైపు జరిపేవారు.

“తాగెయ్యమ్మా, నొప్పి మర్చిపోతావు.”

మర్చిపోయేదాన్ని, మత్తు దిగేదాకా. ఆ తర్వాత నొప్పి మరీ రెచ్చిపోయేది, వికారం అదనం. నెలనెలా గ్లాసు నిండుతూ వచ్చింది. నొప్పి లేని రోజుల్లో కూడా అది గుర్తుకు రావడం మొదలెట్టింది.

ఆ వాసన సూర్యావతత్తకు అందింది. గాలిలా వచ్చి గ్లాసు లాక్కుంది. గ్లాసుతోపాటు నా చెయ్యీ పట్టుకుంది.

“అయ్యో వదినగారూ, మైలపడిపోయేరు. తలమీద నీళ్ళోసుకుని వచ్చెయ్యండి.”

“రేపు మళ్ళీ పోస్తావు, మళ్ళీ లాక్కోవాలి. ఇన్నిసార్లు మునిగితే నాకు రొంప పట్టుద్ది వీరాయమ్మా. నాలుగోనాడు దీంతోపాటే మునుగుతాను, ఇక్కడో చాప పడెయ్.”

ప్రతినెలా ఇదే తంతు. నా నడుము నొక్కుతూ అనేది: “తాగితే నొప్పి ఎక్కడికీ పోదే పిల్లా. నువ్వే పోతావు, అది కూచుని నీకోసం చూస్తుంది.”

ఆఖరికి నన్ను పడవెక్కించి అమలాపురంలో జ్ఞానమ్మగారనే డాక్టరమ్మకు చూపించింది.

“గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగితే ఇలాంటి నొప్పి రావచ్చమ్మా,” అన్నారావిడ. “బ్రాందీ దానికి మందు కాదు. కొందరికి ఇంకా ఎక్కువ చెయ్యొచ్చు కూడా. మానెయ్యండి.”

అత్త చెయ్యి అప్పటికే బల్లమీది స్పిరిట్టు సీసా మీద ఉంది.

“అది సూదికి రాసేదండీ,” అన్నారు డాక్టరమ్మ.

“సూదిక్కూడా అలవాటు చేసేరా?”

డాక్టరమ్మ మాటతో ఇంట్లో నాకు బ్రాందీ గ్లాసు ఆగింది. కానీ మరుసటి నెల నాకు భయం పట్టుకుంది. లాక్కోవడానికి గ్లాసే లేకపోతే, ఈవిడ నా దగ్గరికి ఎందుకొస్తుంది? ఎవరూ అంటుకోని మనిషినై, ఒంటరిగా పళ్ళు బిగించుకుని పడుకున్నాను.

వచ్చింది. నా చేతిలోని మంచినీళ్ళ చెంబు గుంజుకుంది, చెయ్యితో సహా. ముక్కు దగ్గర పెట్టుకుని తెగ వాసన చూసింది.

“మంచినీళ్ళు వదినగారూ,” అన్నారు మా అత్తగారు. “చూస్తూ చూస్తూ ముట్టుకున్నారేంటండీ?”

“ఆయ్, దగ్గరకొస్తేగాని తెలీలేదు. ముక్కు మునుపట్లా లేదు వీరాయమ్మా.”

చాప నా పక్కకు లాక్కుని, కొంగు చాటునుంచి ఇసుక మూట తీసి నా నడుముకు ఆనించింది. కాపడానికి తగ్గట్టు, అది అప్పటికే వేడివేడిగా ఉంది.